మిరప మంట నుంచి నొప్పి పట్టీ దాకా

సంక్రాంతి దాటాక రెంటచింతల చుట్టుపక్కల ఏ కల్లం చూసినా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే. తాలుకాయలు ఏరి, తొడిమలు తీసే ఆడవాళ్లకు సాయంత్రానికి చేతులు భగ్గుమంటాయి. నీళ్లతో ఎంత కడిగినా మంట తగ్గదు. కొబ్బరినూనె రాసుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. మిరపలోని ఘాటు పదార్థం కాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అది తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. ఆ పదార్థమే ఇవాళ నరాల నొప్పికి పట్టీగా ఆసుపత్రులకు చేరింది. చేరడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

జర్మనీలో 1816లో బూహోల్ట్స్ మిరప సారాన్ని తీశాడు గానీ అందులో కల్తీ పోలేదు. 1876లో ఇంగ్లండు రసాయనవేత్త జాన్ థ్రెష్ దాన్ని శుద్ధి చేసి పేరు పెట్టాడు. ఈ మధ్యలోనే, 1850లో, పంటినొప్పికి మిరప టించరు వాడమని ఐర్లండు పత్రిక ఒకటి రాసింది. మంట పెట్టేది నొప్పినెలా తగ్గిస్తుందో మాత్రం అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఈ కథలో అసలు మలుపు హంగరీలో వచ్చిందని నా అభిప్రాయం. సెగెడ్ నగరం కూడా మన గుంటూరులా మిరపకు పేరుపడ్డదే. అక్కడ మిక్లోష్ యాన్చో 1940ల చివర్లో ఎలుకల మీద ఈ సారాన్ని పరీక్షించాడు. ఎలుక కంట్లో ఘాటు చుక్క వేస్తే ముందుకాళ్లతో కన్ను తుడుచుకుంటుంది. ఎన్నిసార్లు తుడుచుకుందో లెక్కపెడితే మంట ఎంతో తెలిసిపోతుంది. ముందుగా కాప్సైసిన్ బాగా ఎక్కించిన ఎలుకలు ఆ చుక్క పడినా తుడుచుకోలేదు. అలాగని కన్ను మొద్దుబారిందా అంటే, లేదు. తాకితే రెప్ప మూసుకుంటూనే ఉంది. అంటే స్పర్శ ఉంది, మంట పోయింది! యాన్చో 1966లో కన్నుమూశాడు. ఆయన, భార్య ఔరేలియా, శిష్యుడు సోల్చాని కలిసి చేసిన పని మరుసటేడు అచ్చయింది. తర్వాత సోల్చాని మనుషుల నాలుక మీద కాప్సైసిన్ పూసి చూశాడు. మిరప ఘాటు తెలియలేదు, తీపీ ఉప్పూ మామూలుగానే తెలిశాయి.

దంతవైద్యుడిచ్చే మత్తు సూదితో దీన్ని పోల్చి చూడండి. ఆ మందు అన్ని రకాల నరాల్నీ మూసేస్తుంది. అందుకే పెదవి వేలాడినట్టుంటుంది, మాట తడబడుతుంది. మిరప సారం నొప్పి మోసే నరాల్నే ఎంచుకుంటుంది.

ఎలా ఎంచుకుంటుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కాలిఫోర్నియాలో తేల్చింది. నొప్పి నరాల్లో పనిచేసే జన్యువుల్ని, కాప్సైసిన్‌కు స్పందించని కణాల్లోకి గుంపులు గుంపులుగా పంపి, పైన కాప్సైసిన్ వేశారు. ఏ కణం మెరిస్తే ఆ జన్యువే దోషి. అలా దొరికింది నరం పొరలో ఉండే ఒక ద్వారం, టీఆర్‌పీవీ1. అది 43 డిగ్రీల వేడి తగిలినా తెరుచుకుంటుంది. రోహిణి కార్తెలో ఎండకు కాగిన ఇనుప గేటు పట్టుకున్నా, తేజ మిరపకాయ కొరికినా తెరుచుకునేది ఈ ద్వారమే. పక్షుల్లో ఇది కాప్సైసిన్‌ను పట్టించుకోదు. చేలో చిలకలు పండుమిరపను హాయిగా కొరుక్కు తినేది అందుకే. జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

పట్టీకి అమెరికాలో అనుమతి 2009లో దొరికింది. అందులో 8 శాతం కాప్సైసిన్ ఉంటుంది, పొలం నుంచి కాదు, ప్రయోగశాలలో తయారైనది. సర్పి తగ్గాక నెలల తరబడి వేధించే నొప్పికి దీన్ని చర్మం మీద గంటసేపు అతికిస్తారు. నర్సు నైట్రైల్ తొడుగులు వేసుకోవాల్సిందే. మొదట మంట, ఆ తర్వాత అక్కడి నరాల కొసలు వెనక్కి తగ్గి మూగబోతాయి, కొన్నాళ్లకు మళ్లీ పెరుగుతాయి. అందుకే మూడు నెలలకోసారి కంటే తరచుగా వేయరు. 2020లో మధుమేహంతో పాదాల్లో వచ్చే నరాల నొప్పికీ అనుమతించారు. ఇది చదివి ఎవరూ ఇంట్లో కారం నూరి పూసుకోకండి. కుక్క కాటుకు కారం పెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. అది ప్రాణాంతకం. గాయాన్ని సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, టీకాకు పరుగెత్తాలి.

నిజమైన మత్తుమందుగా మిరపను వాడే ఆలోచన 2007లో బోస్టన్‌లో వచ్చింది. దంతవైద్యుడు వాడే మత్తుమందు లిడోకెయిన్‌కు దగ్గరి చుట్టమైన క్యూఎక్స్-314 నరంలోకి తనంతట తాను చొరబడలేదు. దానితోపాటు కాప్సైసిన్ ఇస్తే నొప్పి నరాల ద్వారాలు తెరుచుకుని, వాటిలోకే వెళ్తుంది. సూది వేసిన ఎలుకలకు గంటల తరబడి నొప్పి తెలియలేదు, కాలు మాత్రం మామూలుగానే కదిలింది. తర్వాతి జంతు పరీక్షల్లో ఈ మందు నరాలకు హాని చేయగలదని కూడా తేలింది. పన్ను పీకేటప్పుడు నొప్పి ఒక్కటే పోయి పెదవి కదలిక నిలిచి ఉండాలంటే, మిరప తెరిచే ఆ ద్వారంలోంచి పంపడానికి ఇంతకంటే సురక్షితమైన మందు కావాలి.