కంప్యూటరు లెక్కలకు నకళ్ళు – ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. వరాహనది ఒడ్డున ఉన్న మా ఏటికొప్పాకలో, మా ఇంటి పెంకులు లేచిపోయి వాన సరాసరి నట్టింట్లోనే కురిసింది. మర్నాడు నాన్న ట్రంకుపెట్టె తెరిచి చూస్తే పాసుపుస్తకమూ, దస్తావేజులూ, చెరకు తోలిన చీటీలూ అన్నీ ముద్దయిపోయి ఉన్నాయి. అమ్మ ఏడుపు మొదలెట్టింది. నాన్న మాత్రం అంత కంగారు పడలేదు. దస్తావేజుల నకళ్ళు అనకాపల్లిలో పెద్దమ్మ ఇంట్లో ఉన్నాయి. “అన్నీ ఒక్కింట్లో ఉంటే ఏటి మంచిది?” అని తాతయ్య ఏనాడో ఇచ్చి ఉంచినవి. చీటీలకు మాత్రం నకలు లేదు. ఆ యేడు కొన్నవాళ్ళు చెప్పిందే లెక్క అయింది.

కంప్యూటరు క్లాసులో ‘బ్యాకప్’ అనే మాట విన్నప్పుడు నాకు మొదట తట్టింది ఆ ట్రంకుపెట్టే. మన కాలేజీ మిత్రులలో చాలామంది ప్రాజెక్టు రిపోర్టు ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే చోట పెట్టుకొని నిశ్చింతగా తిరుగుతున్నారు గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా పక్కింటివారు లక్కబొమ్మల పనివారు. మావయ్యా అని పిలుస్తాను. అంకుడు కర్రను తరిణె మీద తిప్పి బొమ్మ తీసే ఈ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి తెలిసిందే. రసాయనపు రంగులు వచ్చాక మా ఊళ్ళో చెట్ల రంగుల విద్య దాదాపు మరుగున పడిపోయింది. దానిని మళ్ళీ నిలబెట్టినందుకే మా ఊరి సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కొద్దిమంది బుర్రల్లోనే ఉన్న విద్య ఎంత సులువుగా పోతుందో మా ఊరివాళ్ళకు ఒకరు చెప్పక్కరలేదు. మావయ్య కూడా అందుకే బొమ్మల కొలతలు, ఫొటోలు, ఏ రంగుకు పసుపెంత, జాఫ్రా గింజలెంత, నీలిమందు ఎంత అన్న పాళ్ళు, ఆర్డర్ల లెక్కలు అన్నీ ఒక కంప్యూటరులో ఎక్కించాడు. జాగ్రత్తపరుడే. పెన్‌డ్రైవులో నకలు కూడా తీశాడు. కాని ఆ పెన్‌డ్రైవు ఎప్పుడూ ఆ కంప్యూటరుకే గుచ్చి ఉండేది! ఓసారి కరెంటు హెచ్చుతగ్గులకు రెండూ ఒకేసారి పోయాయి. ఆరేళ్ళ కొలతల్లో సగం మళ్ళీ పాత బొమ్మలను కొలిచి రాసుకోవలసి వచ్చింది. బొమ్మలు అమ్ముడుపోయినవైతే అదీ లేదు.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసినది ఏ యంత్రం కొనాలని కాదు, దేనికి భయపడుతున్నామని. డిస్కు చెడిపోవటం ఒకటి. అగ్గి, వరద, దొంగ అనేవి ఇంకొకటి. మన చేత్తో మనమే పొరపాటున చెరిపేయటం మూడోది, ఎక్కువగా జరిగేది ఇదేనని నా అనుమానం. నాలుగోది వైరసు. 2017 మే 12న ‘వన్నాక్రై’ అనేది ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానన్నది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికి కూడా అది సోకింది. ఇటువంటిది వచ్చినప్పుడు కంప్యూటరుకు తగిలించి ఉన్న నకలుకు కూడా తాళం పడుతుంది. తీసి విడిగా బీరువాలో పెట్టినదే మిగులుతుంది.

రెండు డిస్కులను జత చేసి ఒకే సమాచారం రెండింటిలో రాయించే పద్ధతి ఉంది, ‘రెయిడ్’ అంటారు. ఒక డిస్కు చస్తే రెండవది పని నడిపిస్తుంది, అంతవరకే. మనం ఒక ఫైలు చెరిపితే రెండింటిలోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. ఫోనులో, ల్యాప్‌టాప్‌లో ఒకే ఫైళ్ళు కనిపించేలా ఇంటర్నెట్టు ద్వారా సరిచూసే సేవలదీ ఇదే తంతు. పాత ప్రతులు కొంతకాలం నిలిపి ఉంచుతాయో లేదో చూసుకోవాలి.

అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటి ఉంది: మూడు, రెండు, ఒకటి. సమాచారం మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. ఇది ఇళ్ళకేగాని ప్రభుత్వాలకు అక్కరలేదనుకోకండి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో దెజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుంది. అక్కడి ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే ‘జీ-డ్రైవ్’లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. అంత పెద్దదానికి బయట నకలు తీయటం కష్టమని తీయలేదు. వాళ్ళకొక పెద్దమ్మ లేకపోయింది!

ఇక ఎన్నాళ్ళకొకసారి? దీనికి ఎదురు ప్రశ్న వేసుకోవాలి: ఎన్ని రోజుల పని పోయినా నేను తట్టుకోగలను? మావయ్యకు ఒక రోజు. పరీక్షల ముందు మనకైతే ఒక గంట. మొత్తం సరకు 40 గిగాబైట్లు, రోజూ మారేది 200 మెగాబైట్లు అనుకుందాం. రోజూ పూర్తి నకలు తీస్తే వారానికి 280 గిగాబైట్ల చోటు కావాలి. ఆదివారం పూర్తిగా తీసి, మిగతా ఆరు రోజులూ ఆ రోజు మారినది మాత్రమే తీస్తే 41.2తో సరి. కాని శనివారం రాత్రి డిస్కు పోతే ఆదివారం నకలుతోపాటు ఆరు ముక్కలూ వరసగా అతకాలి, నడిమిది ఒకటి చెడితే తరువాతివి నమ్మలేము. మధ్యేమార్గం ఒకటుంది: ఆదివారం నుంచి మారినదంతా ప్రతిరోజూ తీయటం. వారానికి 44.2 గిగాబైట్లు అవుతుంది, అతకవలసినవి మాత్రం రెండే. చోటుకు కొద్దిగా ఖర్చయినా చిన్న కొట్టుకు ఇదే మేలని నా మతం.

అన్నిటికంటే మనవాళ్ళు చెయ్యని పని, తీసిన నకలు పనిచేస్తుందో లేదో చూడటం. మా ఇంట్లో విత్తనాన్ని నేరుగా మడిలో చల్లరు. వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెలో కట్టి, మొలకలు ఎన్ని వచ్చాయో చూస్తారు. నకలును కూడా అలా మొలక కట్టి చూడాలి, అంటే వేరే కంప్యూటరులో విప్పి ఫైళ్ళు తెరిచి చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. నకళ్ళకు అయిదు ఏర్పాట్లుండేవి. తీరా చూస్తే ఒక్కటీ సరిగా పనిచేయటం లేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల కిందట వేరే పనికని తీసిన ప్రతి ఒకటి దొరికింది.

బొమ్మల ఊరివాణ్ణి కనుక బొమ్మల కథ ఒకటి చెప్పాలి. 1998లో పిక్సార్ సంస్థవారు ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఆజ్ఞకు సినిమా ఫైళ్ళు చెరిగిపోసాగాయి. నకళ్ళు చూస్తే చాలకాలంగా సరిగా పడటం లేదు. గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని పసిబిడ్డ తల్లి కావటంతో ఇంటినుంచి పనిచేస్తూ ఒక ప్రతి ఇంట్లో ఉంచుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చారు. తరువాత ఆ చిత్రాన్ని చాలావరకు మళ్ళీ చేశారనుకోండి, అది వేరే సంగతి.

మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు మావయ్యకు ఒక ఏర్పాటు చేసి వచ్చాను. రెండు బయటి డిస్కులు కొన్నాడు. ఒకటి ఇంట్లో, రాత్రి నకలు తీసేటప్పుడు తప్ప తగిలించరాదు. రెండవది యలమంచిలిలో వాళ్ళ అల్లుడి దగ్గర ఉంటుంది. నెలకొకసారి ఆ డిస్కు ఇటు, ఈ డిస్కు అటు మారతాయి. తాళం వేసే మాట కాగితం మీద రాసి అత్తయ్య దగ్గర ఉంచాం, మరిచిపోతే ఆ నకలు రాయితో సమానం కనుక. రంగుల పాళ్ళు ఒక నోటుపుస్తకంలోకి కూడా ఎక్కించమన్నాను.

గత నెల మొలక కట్టి చూశాం. లెక్కలన్నీ వచ్చాయి, ఫొటోలు ఒక్కటీ రాలేదు. ఆ ఫోల్డరు నకలు జాబితాలో పెట్టటం నేనే మరిచిపోయాను. ఆ రాత్రే చేర్చాం.