వేలిముద్ర పడకపోతే పింఛను ఆగిపోవాలా?

మా ఓ.పి.కి వచ్చే పెద్దవాళ్ళు బి.పి. చూపించుకుంటూ తరచు చెప్పే మాట: "అమ్మా, మిషన్‌లో నా వేలు పడటం లేదు." పింఛను ఆలస్యమైతే చాలామంది మాత్రలు మానేస్తారు. కాబట్టి ఇది ఆరోగ్య సమస్య కూడా.

మనదేశంలో 60 ఏళ్ళు నిండినవారు 2011 జనాభా లెక్కల నాటికే 10 కోట్లు దాటారు. మధ్యవర్తులు లేకుండా డబ్బు చేర్చాలని ప్రభుత్వాలు ఆధార్‌ను, వేలిముద్రను ఎంచుకున్నాయి. ఉద్దేశం మంచిదే. కాని ముసలి చేతిని మిషన్ గుర్తుపట్టకపోతే డబ్బు ఉండీ అందదు.

ముద్ర ఎందుకు పడదు?

వయసుతో చర్మం పలుచబడి ఎండిపోతుంది, వేలి గీతలు అరిగిపోతాయి. పొలం పని, బట్టలుతకడం, అంట్లు తోమడం చేసిన చేతుల్లో ఇది ఎక్కువ. ఇది జబ్బు కాదు, మీ తప్పూ కాదు.

ఏమి చేయాలి?

1. రోజూ రాత్రి చేతులకు కొబ్బరినూనె రాయండి. ముద్ర వేసేముందు మాత్రం సబ్బుతో కడిగి తుడుచుకోండి.
2. ఒక వేలు పడకపోతే మిగతా వేళ్ళు పెట్టి చూడండి. కంటిపాప లేక ముఖం చూపే వీలుందేమో అడగండి.
3. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, ఫోటో కొత్తగా తీయించుకోండి.
4. విశ్రాంత ఉద్యోగులు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి 2021 నవంబరు నుండి ఫోనులో ముఖం చూపినా చాలు.
5. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం ఉంది. ఆ కార్డుకూ ఆధార్ కావాలి.
6. ఫోను చేసి ఓ.టి.పి. అడిగేవారికి చెప్పవద్దు.

ఇంట్లో చదువుకున్న పిల్లలూ, ఒక్కరోజు తీరిక చేసుకుని అమ్మమ్మనో తాతయ్యనో వెంటబెట్టుకుని వెళ్ళండి. పింఛను ఆలస్యమైనా వాళ్ళ బి.పి., షుగరు మాత్రలు ఆగకుండా చూడండి.