గుమ్మం బయట చెప్పులు – గుమ్మం లోపల పాదాలు



చెప్పులతో ఇంట్లోకి రాకూడదని మనకు ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. గడప ముందు విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం పుట్టినప్పటినుండి చూస్తున్నదే. ఇది మన అలవాటే అనుకుంటాము గాని, కొరియా దేశస్థులు ఈ విషయంలో మనకంటే పట్టుదల గలవారు. వారిప్పుడు మనకు మరీ దూరపువారు కూడా కారు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు వైపు హ్యుందాయ్ ఫ్యాక్టరీలో 1998 నుండి కార్లు తయారవుతున్నాయి. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలైన తరువాత ఆ వైపు కొరియా కుటుంబాలు వచ్చాయి. మన బిడ్డలు ఇలాంటి కంపెనీలలో పనికి వెళ్తున్న రోజులివి. వారి మర్యాద తెలిసి ఉంటే మంచిదే.

కొరియా ఇంటి తలుపు తీయగానే ‘హ్యొన్‌గ్వాన్’ అనే చిన్న జాగా ఉంటుంది. అది లోపలి నేలకంటే కొంచెం పల్లంగా ఉంటుంది. బూట్లు అక్కడే విడిచి పైకి అడుగు వేయాలి. బూటుతో పై నేల తొక్కకూడదు. ఇంత పట్టింపుకు కారణం ఆ నేలే. చలి దేశం గనుక పూర్వం వంట పొయ్యి వేడిని, పొగను రాతి నేల కిందుగా పంపి గది వెచ్చచేసేవారు. దీనిని ‘ఒండోల్’ అంటారు. ఇప్పుడు నేల కింద వేడినీటి గొట్టాలు వేస్తున్నారు. ఆ వెచ్చటి నేల మీదే కూర్చోవడం, తినడం, పరుపు పరచుకుని పడుకోవడం. అన్నం తినే చోట వీధి బురద ఎవరు రానిస్తారు?

నాకు ముఖ్యంగా తోచిన సంగతి మరొకటి. వారు బూట్లు విడుస్తారు గాని పాదాలను గాలికి వదిలేయరు. కాళ్ళకు మేజోళ్ళు ఉంటాయి. పెద్దల ఇంటికి అతిథిగా వెళ్ళి వట్టి కాళ్ళతో తిరగడం అంత మర్యాద కాదని తలచేవారూ ఉన్నారు. చాలా ఇళ్ళలో ఇంట్లో తిరగడానికి ఒక జత, బాత్‌రూములోకి వేరే రబ్బరు జత పెడతారు. బాత్‌రూము జత బయటికి రాదు. బడి పిల్లలు కూడా లోపల వేసుకోవడానికి వేరే బూట్లు సంచిలో తీసుకువెళ్తారు.

మనమో, చెప్పులు విడిచామంటే ఇక వట్టి కాళ్ళే. ఆరోగ్యవంతునికి ఇబ్బంది లేదు. షుగరు వ్యాధి చాలా ఏళ్ళుగా ఉన్నవారికి మాత్రం ఇది ప్రమాదం. షుగరు నరాలను దెబ్బతీసి అరికాళ్ళను మొద్దుబారుస్తుంది. గులకరాయి, గుండుసూది, విరిగిన గాజు ముక్క ఏది గుచ్చుకున్నా తెలియదు. రోహిణీ కార్తెలో చర్చి ఆవరణలో సిమెంటు నేల మీద పది అడుగులు వేస్తే చాలు, బొబ్బలు లేస్తాయి. నొప్పి లేదు గనుక చూసుకోరు. పక్కబట్టకు చీము అంటినప్పుడో, వాసన వచ్చినప్పుడో ఇంట్లోవారు కనిపెడతారు. రక్త ప్రసరణ కూడా తగ్గి ఉంటే పుండు మానదు. వేలితో పోవలసింది కాలి దాకా వస్తుంది. మీ పాదాలకు స్పర్శ ఉన్నదో లేదో తెలుసుకోవడానికి సన్నని నైలాను పోగుతో చేసే పరీక్ష ఉన్నది. సూది లేదు, నొప్పి లేదు, రెండు నిమిషాల పని. సంవత్సరానికి ఒకసారైనా అడిగి చేయించుకోండి.

“ఇంట్లో చెప్పులేమిటి సిస్టరమ్మా, మా అత్త ఊరుకోదు” అంటారు ఆడవారు. అత్తగారిది తప్పేమీ లేదు. ఆమె వద్దనేది వీధి మురికిని. కొరియావారి పద్ధతిలో ఒక కొత్త జతను ఇంటికి మాత్రమే కేటాయించండి. వేరే రంగుదైతే పొరపాటు జరగదు. అది గడప దాటకూడదు, వీధి జత లోపలికి రాకూడదు. ఆ జత ఎం.సి.ఆర్. రబ్బరుదైతే మంచిది. అది మెత్తగా ఉంటుంది, వెనుక పట్టీ ఉంటే జారిపోదు. వేళ్ళ మధ్య తాడు ఉండే రకం ఒరుసుకుంటుంది, వద్దు. చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. వేసుకునే ముందు దులపండి. మన వైపు తేళ్ళకు కొదువ లేదు గదా! రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. చూపు తక్కువైతే మనవడిని చూడమనండి. కాళ్ళు కడిగే వేడినీళ్ళు మోచేతితో చూడాలి. మొద్దుబారిన పాదంతో చూడకూడదు. కడిగాక వేళ్ళ సందులు తుడవండి.

ఆసుపత్రిలో ‘చెప్పులు బయట విడువుము’ అని బోర్డు చూసి షుగరు రోగులు కూడా వట్టి కాళ్ళతో వరండాలో నడుస్తారు. ఆ మాట వీధి చెప్పులకే. లోపలి జత మీ సంచిలో ఉంచుకుని, డ్యూటీ సిస్టరుకు చెప్పి వేసుకోండి.

పిల్లల సంగతి దీనికి తలక్రిందులు. వారు ఇంట్లో వట్టి కాళ్ళతో తిరగవచ్చును గాని, దొడ్డిలోకి, బహిర్భూమికి వెళ్ళేటప్పుడు చెప్పులుండాలి. కొంకి పురుగు పిల్లలు తడి మట్టిలో నుండి పాదం చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోయి పేగులలో రక్తం పీలుస్తాయి. పాలిపోయిన బిడ్డకు టానిక్కులు కొనేముందు ఈ సంగతి ఆలోచించండి.

చర్చిలో మనము చెప్పులు విడిచి చాప మీద కూర్చుంటాము. కొరియాలో గింజే దగ్గర గుమ్‌సాన్ చర్చి అని 1908లో కట్టినది ఉన్నది. స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు కూర్చునేలా మూలమట్టం ఆకారంలో కట్టారు. మనకు తెలిసిన ఏర్పాటే! షుగరు ఉన్నవారు లోపల మందపాటి మేజోళ్ళు తొడుక్కుంటే చాలు. ఇబ్బంది అంతా గుమ్మం దగ్గరే. మంచి చెప్పులు పోతాయని, మారిపోతాయని భయపడి, మెత్తటి జత ఇంట్లో దాచి తెగిన పాతవి వేసుకుని వస్తారు. ఈ బెంగ కొరియాలోనూ ఉన్నది. నేల మీద కూర్చుని తినే హోటళ్ళలో ‘బూట్లు పోతే మాకు బాధ్యత లేదు’ అని బోర్డు పెడతారట. ఒక గుడ్డ సంచి తెచ్చుకోండి. చెప్పులు అందులో వేసి పక్కన పెట్టుకోండి. ఆరాధన అయ్యాక గుమ్మం నీడలోనే నిలబడి తొడుక్కుని, ఆ తరువాతే ఎండ నేల మీద అడుగు పెట్టండి.