కాపీ పేస్ట్ కోడ్‌తో ఎన్నాళ్లు?

ప్రాజెక్ట్ రన్ అవుతోంది, అవుట్‌పుట్ వస్తోంది... ఇంకేం కావాలి అనుకుంటున్నారా? కాలేజీలో అది సరిపోతుందేమో. ఉద్యోగంలో మాత్రం మీ కోడ్‌ను టీమ్‌లో అందరూ చదువుతారు. ఆరు నెలలయ్యాక మీరే మళ్లీ చదవాల్సి రావచ్చు. అందుకే వెబ్ డెవలపర్ కావాలనుకునేవాళ్లు భాషతోపాటు కోడ్ రాసే పద్ధతినీ నేర్చుకోవాలి.

ఒకే లెక్క... నాలుగు చోట్ల

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ షాపింగ్ సైట్‌కి పనిచేశా. పన్ను లెక్కించే నాలుగు లైన్లను కార్ట్, చెకవుట్, ఇన్‌వాయిస్, ఈమెయిల్ ఫైళ్లలో కాపీ కొట్టేశా. రేటు మారినప్పుడు మూడింటిలో మార్చి ఇన్‌వాయిస్‌ని మర్చిపోయా. కస్టమర్ కట్టింది ఒకటి, బిల్లులో కనిపించింది ఇంకొకటి! ఆ బిల్లులన్నీ సరిచేయడానికి రెండ్రోజులు పట్టింది. ఆ రెండ్రోజులూ నా పక్కన కూర్చుని పనిచేసింది సీనియర్లే.

ఇలాంటి మార్పులు వస్తూనే ఉంటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. రేటు ఒక్కచోటే ఉంటే ఒక్క మార్పుతో పనైపోతుంది. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో 'ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' పుస్తకంలో చెప్పిన 'డ్రై' సూత్రం ఇదే. డ్రై అంటే 'డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్'.

అన్నీ కలిపేయొద్దు

ఈ సూత్రం తెలిశాక చాలామంది రెండో తప్పు చేస్తారు. పిన్‌కోడ్‌లో ఆరంకెలు, మీ సైట్ పంపే ఓటీపీలోనూ ఆరంకెలే. రెండింటికీ ఒకటే ఫంక్షన్ పెట్టేద్దాం అనిపిస్తుంది. రేపు ఓటీపీని నాలుగంకెలకు మారిస్తే? పిన్‌కోడ్ చెకింగ్ కూడా దెబ్బతింటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. 'ఒకటి మారితే రెండోది కూడా తప్పక మారాలా?' అని ప్రశ్నించుకోండి. అవునంటేనే కలపండి. అనుమానంగా ఉంటే, మూడోసారి అదే కోడ్ అవసరమయ్యేదాకా ఆగండి.

ప్రతి చిన్న పనికీ బయటి ప్యాకేజీ తెచ్చుకోవడమూ మంచిది కాదు. 2016 మార్చిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, దానిపై ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. పది లైన్లలో అయిపోయే పనిని మీరే రాసుకోండి. పాస్‌వర్డ్ భద్రత లాంటివాటికి మాత్రం బాగా పరీక్షించిన లైబ్రరీలే వాడండి.

స్టైల్ గొడవలు టూల్స్‌కి వదిలేయండి

పైథాన్‌కి 2001 నుంచే 'పెప్ 8' ఉంది. అందులో ఫంక్షన్ పేర్లలో పదాల మధ్య అండర్‌స్కోర్ పెడతారు. జావాస్క్రిప్ట్‌లో రెండో పదాన్ని క్యాపిటల్ లెటర్‌తో మొదలుపెట్టడం అలవాటు. పీహెచ్‌పీకి 'పీఎస్ఆర్ 12' ఉంది. మీకు ఏది నచ్చిందన్నది ముఖ్యం కాదు, ప్రాజెక్ట్ అంతా ఒకటే ఉండాలి. స్పేస్‌లు, సెమీకోలన్ల సంగతి ప్రెటియర్ చూసుకుంటుంది. వాడని వేరియబుల్స్‌ని ఈఎస్‌లింట్ పట్టిస్తుంది.

పేర్లు పెట్టడం మాత్రం మీ పనే. 'డేటా2', 'టెంప్' అని పెడితే ఎవరికి అర్థమవుతుంది? 'టోటల్ విత్ ట్యాక్స్' అంటే కామెంట్ కూడా అక్కర్లేదు.

ఇలా మొదలుపెట్టండి

- గిట్‌హబ్‌లో మీ పాత ప్రాజెక్ట్ ఒకటి తెరవండి. మూడుచోట్ల కనిపించే లెక్కను ఒక్క ఫంక్షన్‌లోకి తేండి.
- అర్థంకాని పేర్లు అయిదు మార్చండి.
- ఫార్మాటింగ్ మార్పుల్ని విడి కమిట్‌గా పెట్టండి. లాజిక్ మార్పులతో కలిపేస్తే అసలు ఏం మారిందో రివ్యూ చేసేవాళ్లకి కనిపించదు.
- టీమ్‌లో కొత్తగా చేరితే, ముందు అక్కడి పద్ధతి చూసి అలాగే రాయండి. మీకు నచ్చిన మార్పుల్ని తర్వాత అడగొచ్చు.

రెజ్యుమెలో గిట్‌హబ్ లింక్ ఇస్తే ఇంటర్వ్యూలో 'దీన్ని ఎందుకిలా రాశారు?' అని అడగొచ్చు. ఈ పనులు చేసి ఉంటే ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది.