బరిలో బెదరని గుఱ్ఱపుపిల్ల



ఎద్దుల మంచిచెడ్డలు మీకు నేను చెప్పనక్కఱలేదు. నేడు నేను ముచ్చటింపదలచినది గుఱ్ఱమునుగూర్చి. అందును లేతవయసు తట్టువను ప్రదర్శనపు బరిలోనికి దించునపుడు అది బెదరక నిలుచుటకు మనము చేయవలసిన పనులనుగూర్చి. జట్కాబండ్లు మన బాటలనుండి ఇంచుమించు మఱుగైనను, పెండ్లియూరేగింపులకును సంతలకును గుఱ్ఱములు నేటికిని వచ్చుచునే యున్నవి. మహారాష్ట్రమున నాందేడు జిల్లాలోని మాలేగాము ఖండోబా జాతరకును, తాపీతీరమునందలి సారంగఖేడా సంతకును జనులు గుఱ్ఱములకై పోవుచునే యున్నారు.

ఈ పాఠమును నాకు నేర్పినది గ్రంథము కాదు, నా తప్పు. నాకొక మూడేండ్ల ఎఱ్ఱని తట్టువ యుండెడిది. ఇంటికడ పిల్లలు దాని కడుపుక్రింద దూఱినను కదలెడిది కాదు. ఆ నెమ్మదిని నమ్మి, ఊరు దాటి యెఱుగని దానిని ఒక ప్రదర్శనమునకు తోలుకొని పోతిని. బరియంచున డప్పులు మ్రోగుచుండెను. ఎవరో గొడుగు విప్పిరి. అది నిలిచిపోయెను. పదుగురు చూచుచున్నారను సిగ్గుచే నేను పగ్గము బిగించి లాగితిని. అది వెనుకకు లాగెను. చెర్నాకోలతో ఒక దెబ్బ వేసితిని. అంతట అది నిలువున లేచి, పగ్గము త్రెంచుకొని పరుగెత్తెను. అడ్డమువచ్చిన మా అన్నకుమారుడు, పదునాలుగేండ్లవాడు, క్రిందబడగా చేయి విఱిగెను.

ఆ సాయంకాలము ఆసుపత్రి అరుగుపై కూర్చుండి గుఱ్ఱమును తిట్టుచుంటిని. కుఱ్ఱవాడు మాత్రము, "చిన్నాన్నా, దానికి గొడుగు తెలియదు గదా" యనెను. ఆ మాటకు నాకు బదులు దొరకలేదు.

గుఱ్ఱము మందలో గడ్డిమేయు జంతువు. క్రూరమృగములకు చిక్కకుండుటకు దానికి ముఖ్యమైన ఉపాయము పరుగు. అందుచే అది ముందు పారిపోయి, పిదప వెనుదిరిగి చూచును. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నవి. తల త్రిప్పకయే చుట్టును దాదాపు 350 డిగ్రీలమేర చూడగలదు. కాని నుదుటికి సరిగా ఎదుటను, తోకవెనుకను కొంత చోటు దానికి కనబడదు. ముఖముమీదికి దిగ్గున చేయి చాపినను, వెనుకనుండి చడిలేక వచ్చినను ఉలికిపడుట ఇందుచేతనే. అది పొగరు కాదు, భయము. పొగరని తలచి కొట్టినచో, గొడుగున్నచోట దెబ్బకూడ తప్పదని అది నేర్చుకొనును.

ఇంకొక సంగతి. స్వీడను దేశమున 2009లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, కొందఱిచేత గుఱ్ఱములను ఒకచోటినుండి మఱియొకచోటికి నడిపించిరి. ఈమాఱు దారిలో గొడుగు విప్పుదుమని నడిపించువారితో చెప్పి, నిజముగా విప్పలేదు. అయినను మనుష్యుల గుండె వడిగా కొట్టుకొనెను. వారితోడనే గుఱ్ఱముల గుండెయు వడిగా కొట్టుకొనెను. గొడుగు లేదు, భయము మాత్రము పగ్గమువెంట ప్రాకిపోయినది. ఆరునెలలు సహవాసము చేసినవారు వీరగుదురని మనవారనుట వినియున్నాము. గుఱ్ఱమున కారునెలలు పట్టదు. ఒక నిమిషము చాలును. కావున మొదట శాంతింపవలసినవాడు పగ్గము పట్టినవాడు.

ఇక సాధనవిధానము. ప్రదర్శనమునకు రెండుమూడు నెలలముందే మొదలుపెట్టవలెను. గొడుగు, రెపరెపలాడు గుడ్డ, డప్పు – ఒకనాటి కొక్కటియే చాలును. వస్తువును ముందు దూరమున నుంచి, తట్టువ దానిని చూచియు నెమ్మదిగా నిలుచు చోటు కనుగొనుడు. అచ్చటనే కొంతసేపుండి మరలిపొండు. మఱునాడు నాలుగడుగులు దగ్గఱకు. బెదరినచో ఆ నాలుగడుగులు వెనుకకు. కుడిప్రక్కను చూపినదానిని ఎడమప్రక్కను మరల చూపవలెను. ఒకమాఱు పదునైదు నిమిషములకు మించరాదు. అది నెమ్మదిగా నున్నప్పుడే ముగింపవలెను.

పగ్గము లాగితిమేని, అది ఒక్కయడుగు వేసినతోడనే పట్టు సడలింపవలెను. ఆ సడలింపే దానికి బహుమానము. మెచ్చుకొనుటకు మెడపై చరచుటకంటె, జూలు మొదట మూపుకడ వ్రేళ్లతో గోకుట మేలు. గుఱ్ఱములు స్నేహముతో ఒకదాని నొకటి పండ్లతో గోకుకొనునది అక్కడనే. అచ్చట గోకినచో గుండెవేగము తగ్గునని ఫ్రాన్సు దేశపు పరిశోధకులు 1993లో ప్రకటించిరి.

ప్రదర్శనమునాడు ప్రొద్దుననే చేరుడు. దానికి పరిచితమైన ముసలిగుఱ్ఱము నొకదానిని తోడు గొనిపొండు. జనము గుమిగూడకమునుపే బరిచుట్టును నడిపింపుడు. ఎదుట నిలిచి లాగకుడు, భుజముప్రక్కన నడువుడు. పగ్గమును చేతికి చుట్టుకొనుట ప్రాణాపాయము, మడతలుగా పట్టుకొనవలెను. తల పైకెత్తి, మెడ బిగించి, కనుగ్రుడ్డు తెలుపు కనబడుచున్నచో భయము హెచ్చుచున్నదని యెఱుగుడు. అప్పుడు చిన్న చుట్టు త్రిప్పి, దూరముగా నడిపించి, అది తల దించి మెల్లగా ఊపిరి విడుచువఱకు వేచియుండుడు. అప్పటికిని కుదురుకొననిచో బరి విడిచి వచ్చుటకు సిగ్గుపడకుడు. పోయిన బహుమానము మఱుసటియేడు దొరకును; పోయిన నమ్మకము అంత సులభముగా దొరకదు.

కోపముతో గుఱ్ఱముకడకు పోరాదని గ్రీకు దేశీయుడైన జెనొఫోను క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దముననే తన అశ్వశిక్షాగ్రంథమున వ్రాసెను. నేను దానిని ఒక కుఱ్ఱవాని చేయి విఱిగిన పిదప నేర్చుకొంటిని.

మఱుసటియేడు అదే తట్టువను మరల గొనిపోతిమి. ఈమాఱు పగ్గము పట్టినది నేను కాదు. చేయి కుదిరిన మా అబ్బాయి. తానే పట్టుదునని యడిగెను. బరియంచున గొడుగు లొకటికి రెండు విచ్చుకొనెను. తట్టువ చెవులు నిక్కించి చూచెను. వాడు ఆగి, పగ్గము సడలించి, మూపు గోకెను. అది తల దించి, ముందుకు నడచెను. బహుమానము వేఱొకనికి వచ్చెను. ఇంటికి వచ్చు త్రోవలో ఆ సంగతి మే మెవ్వరమును తలపనైన లేదు.