భేది ఉప్పు: కాళ్ళ నొప్పులకు ఏ దుకాణంలో కొనవలెను?

నాట్ల రోజులలో పుదుచ్చేరి పట్టణాన్ని ఆనుకొని ఉన్న పల్లెలకు సాయంత్రం వేళ వెళ్ళినవారికి ఒక దృశ్యం పరిచితమే. పగలంతా బురదలో నిలిచి వచ్చిన స్త్రీలు అరుగు మీద కూర్చొని, వేడినీళ్ళ బేసిన్‌లో పాదాలు ఉంచుకొంటారు. ఆ నీటిలో ఇంట్లో ఉన్న కల్లుప్పు గుప్పెడు వేయడం పాత అలవాటు. ఇటీవల కొందరు దాని బదులు పట్టణం నుండి ‘స్నానపు లవణం’ అనే రంగురంగుల సీసాలు తెచ్చుకొంటున్నారు. మరికొందరు ఎరువుల దుకాణం వైపు చూస్తున్నారు.

ఋణ ఖాతాల పరిశీలనకు వెళ్ళినప్పుడు ఒక డీలరు గారు నన్ను సూటిగానే అడిగారు: “సార్, ఆ సీసాలో ఉన్నదీ మా బస్తాలో ఉన్నదీ ఒకటే గదా! కిలో, అరకిలో అడిగేవారికి తూచి ఇస్తే తప్పేమిటి?” ప్రశ్న సహేతుకమైనదే. రసాయన శాస్త్రం దృష్ట్యా ఆయన మాటలో కొంత నిజం ఉన్నది. అయినప్పటికీ, అలా అమ్మకూడదు.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. మన పెద్దలు భేది ఉప్పు అనీ, ఇంగ్లీషువారు ఎప్సం సాల్ట్ అనీ పిలిచేది మెగ్నీషియం సల్ఫేటు. ఇంగ్లండులోని ఎప్సం గ్రామంలో 1618 ప్రాంతంలో ఒక బుగ్గ నీటిని పశువులు త్రాగ నిరాకరించగా దాని చేదు గుణం బయటపడిందని చెబుతారు. దాని స్ఫటికంలో ప్రతి అణువుకు ఏడు నీటి అణువులు అంటి ఉంటాయి. అందువలన బరువులో సగానికి పైగా నీరే. మెగ్నీషియం సుమారు 9.9 శాతం, గంధకం 13 శాతం. ఆకులు పసుపెక్కిన ప్రత్తి, నిమ్మ తోటలకు మీరు పిచికారీ చేసేది ఇదే.

మరి అభ్యంతరం ఎక్కడ? 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని 25వ క్లాజు ప్రకారం, కేంద్ర ప్రభుత్వపు ముందస్తు అనుమతి లేకుండా ఎరువును నేలను సారవంతం చేయడానికీ, పైరు దిగుబడి పెంచడానికీ తప్ప మరొక పనికి అమ్మరాదు, వాడరాదు. ఈ ఉత్తర్వు 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం క్రింద వెలువడినది. కనుక ఉల్లంఘన కేవలం జరిమానాతో పోయే వ్యవహారం కాదు. స్నానానికని తెలిసి అరకిలో తూచి ఇచ్చిన డీలరు తన లైసెన్సును పణంగా పెట్టినట్లే. ఆ లైసెన్సు పోతే, దాని మీద ఆధారపడి మేము మంజూరు చేసిన క్యాష్ క్రెడిట్ పరిమితి కూడా నిలవదు. ఈ మాట చెప్పినప్పుడు ఆ డీలరు గారు కొంతసేపు మౌనంగా ఉండిపోయారు.

చట్టం అలా ఉండగా, శరీరానికి సంబంధించిన కారణం కూడా ఒకటున్నది. చూపుకు జింకు సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు దాదాపు ఒకే విధంగా తెల్లగా మెరుస్తాయి. ఖరీదైన జింకులో చవకైన మెగ్నీషియం కలిపి రైతులను మోసగించే సంగతి డీలర్లకు తెలియనిది కాదు. విడి సరుకు పొట్లాలు తారుమారైతే, జింకు సల్ఫేటు స్నానపు నీటిలోకి చేరవచ్చును. అది కళ్ళకు తీవ్రమైన హాని చేస్తుంది. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఒక తేలిక పరీక్ష ఉన్నది. కొద్దిగా డి.ఎ.పి. నీటిలో కరిగించి, తేటనీటిని వడకట్టి, దానిలో అనుమానమున్న సరుకు ద్రావణం పోయండి. జింకు సల్ఫేటైతే చిక్కని తెల్లని గడ్డలు ఏర్పడతాయి. మెగ్నీషియం సల్ఫేటైతే అలా విరగదు. జింకు కొనే ప్రతి రైతూ ఈ పరీక్ష నేర్చుకోవలెనని నా అభిప్రాయం. అయితే ఇది పొలానికి ఉపయోగపడే పరీక్షే గాని, ఎరువు బస్తాను స్నానానికి యోగ్యమని నిర్ధారించేది కాదు.

అయితే ఎక్కడ కొనవలెను? మందుల దుకాణంలో ‘మెగ్నీషియం సల్ఫేటు ఐ.పి.’ అని అడగండి. ఐ.పి. అనగా ఆ సరుకు భారతీయ ఔషధ ప్రమాణ గ్రంథంలో చెప్పిన స్వచ్ఛతకు లోబడినదని అర్థం. నెహ్రూ వీధి ప్రాంతంలో తిరిగేటప్పుడు సీసా అందాన్ని చూడక, కిలో ధర లెక్కకట్టండి. 200 గ్రాముల సీసా ధరను అయిదుతో హెచ్చిస్తే చాలు, సువాసనకూ రంగుకూ మీరెంత చెల్లిస్తున్నారో తెలిసిపోతుంది. చీటీ మీద ‘సోడియం క్లోరైడు’ అని ఉన్నట్లయితే అది వంటింటి ఉప్పే.

వంటింటి ఉప్పును తక్కువగా చూడనక్కరలేదు. పట్టణానికి ఉత్తరాన సముద్రతీర మార్గంలో మరక్కాణం ఉప్పుమళ్ళు ఉన్నాయి. మనవైపు నౌపడా, చినగంజాం, ఇస్కపల్లి వంటివే అవి కూడా. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎండకు ముందు సున్నపు లవణాలు, తరువాత మామూలు ఉప్పు పేరుకొంటాయి. మెగ్నీషియం చాలవరకు చివరి చేదునీటిలో మిగిలిపోతుంది. శుద్ధి చేయని కల్లుప్పుకు ఆ చేదునీటి తడి కొంత అంటి ఉంటుంది. ఐప్పసి వానలలో డబ్బాలోని కల్లుప్పు చెమ్మగిల్లడానికి కారణం ఆ మెగ్నీషియం క్లోరైడే.

ఇక ప్రయోజనం మాట. చర్మం గుండా మెగ్నీషియం చెప్పుకోదగినంతగా శరీరంలోకి చేరుతుందనడానికి గట్టి రుజువులు లేవు. నొప్పి తగ్గించేది ప్రధానంగా వేడినీరూ, విశ్రాంతీనే. అందుచేత ఖరీదైన లవణం కొనలేకపోయామని ఎవరూ చింతించనవసరం లేదు. పది లీటర్ల నీటికి 30 నుండి 50 గ్రాములు, అనగా రెండు మూడు పెద్ద చెంచాలు వేసి, పావుగంట పాదాలుంచి, మంచినీళ్ళతో కడుగుకొంటే సరిపోతుంది. బకెట్టు స్నానంలో వేసిన ఉప్పు ఒంటి మీద నిలవకుండా జారిపోతుంది గనుక అది వృథా. మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ మందగించి ఉండవచ్చును. నీటి వేడిని వారు ఇతరుల చేత మోచేతితో చూపించుకోవలెను. పుండ్లు, పగుళ్ళు ఉంటే లవణపు నీరు వద్దు. భేది ఉప్పును వైద్యుని సలహా లేకుండా త్రాగరాదు, ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు.

కొందరు స్వయం సహాయక సంఘాల సభ్యులు ఈ లవణాన్ని పొట్లాలు కట్టి అమ్ముతామని ఋణం కోసం వస్తున్నారు. 2015లో ఆరంభమైన ముద్రా పథకంలో ‘శిశు’ విభాగం క్రింద 50,000 రూపాయల వరకు ఇటువంటి చిన్న వ్యాపారాలకు అవకాశమున్నది. కాని స్నానపు లవణం సౌందర్య సాధనాల కోవలోకి వస్తుంది. దాని తయారీకి 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం లైసెన్సు పొందవలెను. చీటీ మీద ‘కీళ్ళ నొప్పులు పోగొట్టును’ అని వ్రాస్తే అది మందుల చట్టం పరిధిలోకి పోతుంది. దరఖాస్తుతో శాఖకు వచ్చేటప్పుడు ముడిసరుకు కొనబోయే చోటి ధరపట్టికనూ, చీటీ నమూనానూ వెంట తీసుకొనిరండి. ఆ ధరపట్టిక ఎరువుల దుకాణానిది కాకుండా చూసుకోండి.