న్యాయవాది గుబులు

న్యాయవాదికి ఓటమికన్న గడువు భయము మెండు. దావా ఓడినచో అప్పీలు కలదు. అప్పీలు గడువే దాటినచో కక్షిదారుని భూమి చేజారవచ్చును. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము సివిలు డిక్రీపై హైకోర్టునకు 90 దినములు, జిల్లా కోర్టునకు 30 దినములు గడువు.

ఒక రాత్రి నేనిట్టి గడువు దాటెనని తలచి నిద్రపట్టక, తెల్లవారకమునుపే కాగితముల కట్ట విప్పితిని. డిక్రీ నకలు పొందుటకు పట్టిన కాలమును చట్టము మినహాయించును గనుక నాలుగు దినములు మిగిలియుండెను. నాటినుండి ప్రతి గడువును డైరీలో రెండు చోట్ల వ్రాయుచున్నాను: చివరి దినమున, దానికి పది దినముల ముందు. గుమాస్తాచేతను వేరుగ వ్రాయించుచున్నాను.

పొరపాటు జరిగినచో కక్షిదారునకు దాచరాదు. 5వ సెక్షను క్రింద తగిన కారణము చూపి, జాప్యము మన్నింపుమని కోర్టును వేడవలెను.

మీరును తీర్పు వెలువడిన నాడే నకలునకు దరఖాస్తు పెట్టింపుడు. అది మీ భూమికి కంచె, మాకు నిద్ర.